మొఖం గుడ్డకు, ఈపు మనకు

పోయిన వారం అంగట్లో ఒక చిన్న బొంతను చేతిలోకి తీసుకుని నలిపాను. లోపల కరకరమంది. పసిపిల్లల కింద పరిచే బొంత అది. మధ్యలో పచ్చగుడ్డతో అతికిన ఆకు ఉంది. చప్పుడు ఆ ఆకు కింద నుంచే వస్తోంది. ఇంకోసారి నొక్కాను, మళ్లీ కరకర! నాకు నవ్వాగలేదు. "కాగితం తియ్యకుంటనే కుట్టేసినవ్ గదనే పిల్లా," అన్నాను అమ్ముతున్న అమ్మాయితో. తనూ నలిపి చూసి నాలుక కరుచుకుంది. "అవ్వా, నీకెట్ల ఎరుకైంది? నేను కుట్టంగ పక్కన కూసున్నట్టే చెప్పినవ్!" అంది. ఆ బొంతను నేనే కొనుక్కున్నాను. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఆ ఆకును నొక్కుతూనే ఉన్నాను. ఆటో డ్రైవర్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. చూస్తే చూడనీ. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో అతనికేం తెలుసు.

ఆ చప్పుడు నాకు నీలవ్వ దగ్గర అలవాటయింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఫోటో కూడా లేదు. బీదర్ అవతల ఏదో పల్లె నుంచి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడిన మనిషి. పొట్టిగా ఉండేది, నుదుట విభూతి పెట్టుకునేది. మనం బొంత అనేదాన్ని ఆమె కౌది అనేది. నెత్తి మీద పాత గుడ్డల మూట, చంకలో ఒక సంచి. ఆ సంచిలో గుడ్డలు ఉండవు, అన్నీ కాగితాలే. సిగరెట్ పెట్టెల అట్టలు, పాత క్యాలెండర్లు, సబ్బుల డబ్బాలు, పెళ్లి కార్డులు. అక్షరం ముక్క రాని మనిషి అన్ని కాగితాలు మోసుకుని తిరగడం చూసి అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, మొదటి రోజు.

ఇది డెబ్బైల మధ్యలో మాట. నేను రాయికోడ్ దిక్కు పల్లె నుంచి పెళ్లై వచ్చి రెండేళ్లయి ఉంటుంది. మా ఇంటాయన మండీలో అల్లం బస్తాలు మోసేవాడు. మా అత్త పాత చీరలు పోగేసి, బొంత కుట్టమని నీలవ్వను పిలిపించింది. ఆమె అరుగు మీద కూర్చుని గుడ్డలు పరుస్తోంది. నేను పొయ్యి అంటించడానికి ఒక పాత పెళ్లి కార్డు తీసుకున్నాను.

"ఆగాగు! అది పొయ్యిల పెట్టకు!" అని ఒక్క కేక వేసింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పెండ్లి అయిపోయింది గదా అవ్వా, ఇంక దీంతోని ఏం పని?"

"పెండ్లి వాండ్లకు అయిపోయింది. మనకు ఇప్పుడే షురువైతది. ఇటు తే."

కార్డు తీసుకుని సగానికి మడిచింది, మళ్లీ సగానికి, తర్వాత మూలకు మూల కలిపి మడిచింది. కత్తెరతో రెండు వంపులు తిప్పింది. విప్పమని నా చేతికిచ్చింది. విప్పాను. ఎనిమిది రేకుల పువ్వు! ఎనిమిదీ ఒకే కొలత, ఒకే వంపు. మా వాకిట్లో ముగ్గు వేసినా నాకు నాలుగు మూలలు నాలుగు రకాలుగా వచ్చేవి. రెండు కోతలకు ఎనిమిది రేకులు ఎట్లా వచ్చాయో నాకు అంతుపట్టలేదు. ఇంకోసారి చేయమన్నాను, చేసింది. మూడోసారి నేనే కత్తెర లాక్కున్నాను. నాది పువ్వు కాలేదు, నాలుగు ముక్కలై కింద పడింది. మడత ఉన్న వైపే కోసేశాను మరి. నీలవ్వ పడీపడీ నవ్వింది. "మడతను కోస్తే ఎట్లనే, అన్నీ పట్టుకున్నదే అది," అంది. పొయ్యి అంటించలేదని లోపల నుంచి మా అత్త తిడుతూనే ఉంది. నాకు ఆ తిట్లు వినబడితే కదా.

ఆమె పద్ధతి చెబుతాను, ఇప్పటికీ అంతకంటే సులువైనది నేను చూడలేదు. కావలసిన ఆకారాన్ని గట్టి కాగితంలో కోసుకోవాలి. దాన్ని గుడ్డకు లోపలివైపు పెట్టి, చుట్టూ వేలు మందం వదిలి గుడ్డ కత్తిరించాలి. వదిలిన అంచును కాగితం మీదికి మడుస్తూ పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేయాలి. వంపు లోపలికి తిరిగినచోట అంచుకు చిన్న చిన్న గాట్లు పెట్టాలి, లేకపోతే గుడ్డ మడత వినదు. వంపు బయటికి తిరిగినచోట దారం కాస్త లాగితే సన్నటి ముడతలు పడి అదే ఒదుగుతుంది. అంచుకు వేలితో గంజి రాసి, నిప్పులు పోసిన ఇత్తడి చెంబుతో అదమాలి. చల్లారాక దారం లాగేసి, మడత కొంచెం ఎత్తి, కాగితాన్ని మెల్లగా జార్చాలి. కాగితం వచ్చేస్తుంది, కానీ గుడ్డ ఆ ఆకారాన్ని మర్చిపోదు. ఇక దాన్ని బొంత మీద పెట్టి చుట్టూ కనబడకుండా కుట్టుకోవడమే. ఆ కాగితం జారి బయటికి వచ్చే క్షణం ఉంది చూడండి, దానికోసమే నేను రోజంతా సూది పట్టుకునేదాన్ని. లోపల ఏమీ లేదు, అయినా ఆకు ఆకులాగే ఉంది!

బొంత అయిపోయినా నేను నీలవ్వను వదల్లేదు. ఇంటి పని తెమిలాక ఆమె ఏ వాకిట్లో కూర్చుంటే అక్కడికి పోయేదాన్ని. మా అత్తకు ఇది నచ్చలేదు. ఒకరోజు నీలవ్వ ముందే అనేసింది. "బొంతలామె ఎంబడి తిరిగి తిరిగి రేపు నువ్వు గూడ మూట నెత్తిన పెడ్తవా ఏంది?"

"మూట నేనే మోస్త తియ్యక్కా," అంది నీలవ్వ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నీ కోడలు చేతులొక్కటి నాకియ్యి, నోరు నువ్వే ఉంచుకో."

మా అత్త నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. నా నోరు అప్పట్లోనే ఊరికంతా తెలుసు.

రెండు చిలుకలు ఎదురెదురుగా ఉన్న బొంత కుట్టిన రోజు బాగా గుర్తుంది. నేను ఒక చిలుకను కోసి, రెండో చిలుకకు ఇంకో కాగితం వెతుకుతున్నాను. "రెండోది ఎందుకే? గదే కాగితం తిరిగెయ్," అంది. తిరగేసి పెట్టాను. ఇటు చూసే చిలుక అటు చూసింది! నోరు తెరిచేశాను. "గిది ఆయన, గిది ఆమె," అంది. "మొగుడు పెండ్లాలు తిట్టుకున్న ఇంట్ల అయితే ఈపులు కలిపి పెట్టాలె." నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ తర్వాత నాలుగేళ్లలో నేను వందల చిలుకలు కోసి ఉంటాను. ఎప్పుడు కోసినా జంటగానే. ఏది ముందు ఎటు తిరిగినా, రెండోది దానికి ఎదురుగా వచ్చేది. తప్పు చేశామని తెలిసే వీలే ఉండేది కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

నీలవ్వ న్యాల్‌కల్, కోహీర్ దిక్కు పల్లెలన్నీ నడిచి తిరిగేది. ఏ ఇంట్లో పని ఉంటే ఆ ఇంటి అరుగు మీద నాలుగు రోజులు ఉండేది, వాన వస్తే మూట ఎత్తుకుని పశువుల కొట్టంలోకి పోయేది. మెల్లమెల్లగా మోకాళ్లు పట్టేశాయి. చూపు కూడా మందగించింది. సూది పని చేతులతో చేసేది, కాగితం పెట్టడం, గీత చూసి కోయడం నాకు వదిలేసింది. అప్పుడే ఊళ్లో ఆడపిల్లలకు కుట్టు కేంద్రం పెడుతున్నారని, దానికి ఒక మేడం వచ్చిందని విన్నాం. ఒకరోజు ఆ మేడమే మా వాకిట్లో ఆగింది. ఆరేసిన బొంత అంచు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఆమెది కోస్తా మాట.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"మేమిద్దరం," అన్నాను నీలవ్వను ముందుకు తోస్తూ.

మేడం అరుగు మీదే కూర్చుంది. మిషన్ నేర్పడానికి మనిషి దొరికిందట, చేతి కుట్టుకు, అతుకు పనికి ఇంకొకరు కావాలట. "నాకు నచ్చితే సరిపోదు. పైవాళ్లు ఒప్పుకోవాలి. కేంద్రం పేరు ఇలాగే గుడ్డ మీద కుట్టి తెండి. ప్రారంభం రోజు గుమ్మానికి కడతాను. వచ్చిన పెద్దలు చూసి బాగుందంటే ఆ పని మీదే. లేదంటే నేనేమీ చేయలేను," అంది.

ఆమె పోయాక నీలవ్వ మోకాళ్లు నిమురుకుంటూ కూర్చుంది. అప్పుడంది, "బాలమణీ, నలభై ఏండ్ల సంది మంది అరుగుల మీదనే కూసున్న. ఇగ మోకాళ్లు నా మాట ఇంటలేవు. ఒక్క గోడ దొరికితే బాగుండు. ఈపు ఆనిచ్చి కుట్టుకుంట కూసుంట." అంతే అడిగింది. ఆ గోడ ఆమెకు దొరకాలని నేను ఎంత పట్టుపట్టానంటే, మా ఇంటాయన జ్వరంతో పడుకున్నా ఆ వారం సరిగ్గా చూసుకోలేదు. ఈ మాట ఆయన చనిపోయేదాకా అంటూనే ఉన్నాడు.

బోర్డులు రాసే ఖాజా మాకు మందపాటి కాగితం మీద అక్షరాలు గీసిచ్చాడు. జానెడు ఎత్తు, రెండు వేళ్ల మందం. 'కుట్టు కేంద్రం'. రెండు సున్నలతో కలిపి ఆరు. "ఆరు టుక్డాలు అవ్వా, పైలం. వరుస మారనియ్యకు," అని చెప్పిపోయాడు. మేమిద్దరం వాటిని వాకిట్లో పరుచుకుని కొత్త పిల్లను చూసినట్టు చూశాం. "ఒక్క తిన్నటి గీత లేదు నోడు! అన్నీ తీగలే," అంది నీలవ్వ. నోడు అంటే చూడు అని, ఆమెకు ఇష్టమైనప్పుడు నోట్లో కన్నడం వచ్చేసేది. మాకు పేర్లు తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. 'కు'కు తోక ఉంది, దాన్ని తోకది అన్నాం. 'ట్టు' కింద ఇంకో చిన్న అక్షరం వేలాడుతోంది, "ఇది పిల్లతల్లి," అంది నీలవ్వ. 'కే'ను కొప్పుది అన్నాం, 'ద్ర' కింద కొడవలి ఉంది కాబట్టి కొడవలిది. సున్నలను గాజులు అన్నాం. ఎర్రటి ఖద్దరు గుడ్డ తెచ్చాం. పసుపు పచ్చటి గుడ్డ మీద ఎర్ర అక్షరాలు. ఖాజా గీసిన గీత కనబడేలా ఒక్కో కాగితాన్ని గుడ్డ మీద పెట్టి, అంచులు మడిచి, గాట్లు పెట్టి, గంజి రాసి, చెంబుతో అదిమాం. పెట్టింది నేను. ఇది గుర్తుంచుకోండి, పెట్టింది నేనే.

ఎనిమిది రోజులు పట్టింది. మా గల్లీ ఆడవాళ్లంతా వచ్చి చూశారు, ముట్టుకున్నారు, మెచ్చుకున్నారు. మా అత్త అయితే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అమ్మో, అచ్చం దుకాణం బోర్డు లెక్కనే ఉన్నదే," అంది. చూసినవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

ప్రారంభం రోజు పొద్దున్నే దాన్ని చుట్టి చంకన పెట్టుకుని పోయాం. కేంద్రం ముందు ఖాజా గోడకు రంగు వేస్తున్నాడు. చేరబోయే పిల్లలు పదిమంది దాకా వరండాలో ఊడుస్తున్నారు. మేడం ఎదురొచ్చి, "తెచ్చారా? ఏదీ?" అని తనే విప్పింది. ఆమె మొహంలో వెలుగు వచ్చింది, వచ్చినట్టే పోయింది. పిల్లల్లో ఒకతి కిసుక్కున నవ్వింది. నిచ్చెన మీద నుంచి ఖాజా చూసి కుంచె కింద పడేసుకున్నాడు.

"అరె నీలవ్వా! ఇది ఏం చేసినవ్? ఏక్‌దమ్ ఉల్టా!"

నాకేం అర్థం కాలేదు. ఉల్టా అంటే ఏమిటి? పైది పైనే ఉంది, కిందది కిందే ఉంది. వరుస కూడా మార్చలేదు. ఖాజా దిగివచ్చి వేలు పెట్టి చూపించాడు. తోక కుడివైపు ఉండాలట, ఎడమవైపు ఉంది. కొప్పు అటు తిరగాలట, ఇటు తిరిగింది. అన్ని అక్షరాలూ మొహం తిప్పుకుని నిలబడ్డాయి. సున్నలు రెండే సరిగ్గా ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని దాచను. "ఖాజా గీసిందే తప్పు. మేము ఆయన ఇచ్చినట్టే కోసినం," అన్నాను. గట్టిగా అన్నాను, అందరికీ వినబడేట్టు. ఖాజా మొహం కందిపోయింది. "నా రాత తప్పా? ఈ ఊర్ల సగం దుకాణాలు నేనే రాసిన! ఎవ్వడన్న ఒక్క తప్పు చూపిచ్చిండా?" అని మీదికొచ్చాడు. మేడం మధ్యలో చేయి అడ్డం పెట్టి, "అరవకండి. ఇది కట్టలేం. ఖాజా, నువ్వే గోడ మీద పేరు రాసెయ్," అంది. ఆ మాటతో నీలవ్వకు గోడ పోయింది. పక్కనే ఉన్న నీలవ్వ వైపు చూసే ధైర్యం నాకు లేదు.

నీలవ్వ మాత్రం ఆ గుడ్డను రెండు చేతులతో కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. "ఖాజా తప్పు గాదు. తప్పు మాదే. ఏం తప్పో జర చూడనియ్యున్రి," అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు, సిగ్గు లేదు. కొత్త కుట్టు ఎవరైనా చూపిస్తే ఎట్లా ముందుకు వంగుతుందో అట్లానే వంగింది. "అద్దం ఉన్నదా ఎవరి దగ్గరన్న?" అని అడిగింది. ఒక పిల్ల సంచిలో నుంచి చిన్న అద్దం తీసింది. గుడ్డ పక్కన దాన్ని నిలబెట్టి ఖాజాను పిలిచింది. "అద్దంల చూసి చెప్పు. ఇప్పుడెట్లున్నయ్?"

ఖాజా కోపంగానే వంగి చూశాడు. తర్వాత కోపం మర్చిపోయాడు. "అద్దంల ఒక్కొక్కటి సరిగ్గనే ఉన్నయ్ అవ్వా. వరుసొక్కటి ఉల్టా అయింది."

"వరుస మంచిగనే పెట్టినం మరి. అంటే ఒక్కొక్కటే తిరగబడ్డది," అని నీలవ్వ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా భుజం మీద ఎంత గట్టిగా చరిచిందంటే ఇప్పటికీ చురుక్కుమంటుంది. "చిలుకలే! చిలుకలే బాలమణీ! కాగితం మనకు కనబడేటట్టు పెడితే గుడ్డ అవతలికి తిరుగుతది. చిలుకలు జంట గాబట్టి ఇన్నేండ్లు తెల్వలె. ఆకుకు మొఖం ఉండది, పువ్వుకు ఉండది. అక్షరానికి మొఖం ఉన్నదే! కాగితం మొఖం గుడ్డకు పెట్టాలె, ఈపు మనకు చూపెట్టాలె. మనం మొఖం మనకే పెట్టుకున్నం!"

నలభై ఏళ్లు కుట్టిన మనిషి, చిన్నపిల్లలాగా వరండాలో చప్పట్లు కొట్టింది. తన తప్పు దొరికిందని అంత సంతోషపడిన మనిషిని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నా తల తిరిగిపోయింది. అవును కదా! అవును కదా! ఖాజా కూడా, "అరె హా, నిజమే," అని నవ్వేశాడు. నేను అతన్ని క్షమించమని అడిగాను. ఆరోజు నా నోటి నుంచి సరిగ్గా వచ్చిన మాట అదొక్కటే.

"పెద్దసార్లు ఎన్నింటికొస్తరు మేడం?" అని అడిగింది నీలవ్వ.

"మూడింటికి."

"అయితే గోడ మీద ఏం రాపియ్యకు. మాకు గుడ్డ పరిచే జాగ ఒక్కటి చూపియ్యి."

మేడం ఖాజా వైపు చూసింది, గడియారం వైపు చూసింది. "రెండున్నర దాకా ఆగుతాను," అంది.

కొత్త ఎర్రగుడ్డ లేదు. నీలవ్వకు అక్కర్లేదు కూడా. "ఖద్దరుకు ముందు ఎనుక ఒక్కటే రంగు. ఊడదీసి, రొట్టె తిరిగేసినట్టు తిరిగేస్తే సరి," అంది. నిజమే! అక్షరం అదే, గాట్లు అవే, అంచును ఇటు మడిచేది అటు మడవాలి, అంతే. కాగితాలు ఆమె సంచిలోనే ఉన్నాయి. ఆమె ఎప్పుడూ ఏ కాగితమూ పారేయలేదు. కానీ మళ్లీ తప్పు పెడితే? ప్రారంభానికని పళ్లెంలో పెట్టిన పసుపులో వేలు ముంచి, ఖాజా గీసిన వైపు ఒక్కో కాగితానికి బొట్టు పెట్టింది. "ఇది మొఖం. కుట్టేటప్పుడు పసుపు నీకు కనబడ్డదా, తప్పు. కనబడకపోతే మంచిది."

నాలుగు అక్షరాలు, నాలుగైదు గంటలు. పాత కుట్లు ఊడదీయడానికి పిల్లలను కూర్చోబెట్టింది. ఒకతికి గంజి పని, ఒకతికి చెంబులో నిప్పులు. "గట్ల గుంజకు, గుడ్డకు నొప్పి లేస్తది! జర నిమ్మళంగ." "నువ్వు నవ్వినదానివి గదా పొద్దున, నువ్వే పిల్లతల్లిని పట్టు." ఆ పిల్ల సిగ్గుపడుతూ 'ట్టు' పట్టుకుంది. పదిమంది తలలు ఆ గుడ్డ మీదికి వంగాయి. మేడం మధ్యమధ్య వచ్చి నిలబడి పోతోంది. భోజనం ఎవరికీ గుర్తు రాలేదు. సూది మూడుసార్లు నా వేలికి గుచ్చుకుంది, కానీ ఏ కాగితం మీదా పసుపు నాకు కనబడలేదు. కాగితం జార్చిన ప్రతిసారీ పిల్లలు, "అబ్బా!" అన్నారు. నేను మొదటి రోజు అన్నట్టే.

రెండున్నరకు ఇంకా 'ద్ర' కొడవలి మిగిలి ఉంది. మేడం వచ్చి చూసి, ఖాజాను ఇంకాస్త ఆగమని సైగ చేసి వెళ్లిపోయింది. రెండు ముప్పావుకు గుడ్డను గుమ్మానికి ఎక్కించారు. కొడవలి అంచున తెల్ల కచ్చా దారం ఒకటి వేలాడుతూనే ఉంది, పీకే సమయం లేదు. ఖాజా రోడ్డు అవతలికి పోయి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఊరంతా వినబడేలా చదివాడు. "కుట్టు! కేంద్రం!"

నేను కుట్టింది మాట్లాడింది! ఎన్ని ఆకులు కుట్టాను, ఎన్ని చిలుకలు కుట్టాను, ఒక్కటీ నోరు విప్పలేదు. ఇది విప్పింది. అంత దూరంలో నిలబడ్డ మనిషి నోట్లో నుంచి నా చేతి పని బయటికి వచ్చింది. నేను నీలవ్వను పట్టుకుని గిర్రున తిప్పాను. "మోకాళ్లే, నా మోకాళ్లే!" అని ఆమె మొత్తుకుంది.

పెద్దలు వచ్చారు, చూశారు, బాగుందన్నారు. వాళ్లు బాగుందన్నారని మేడం వచ్చి చెప్పేదాకా మేము గుమ్మం పక్క నుంచి కదల్లేదు. కానీ ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఉద్యోగం ఒక్కటే. నేర్పే మనిషి రోజూ పిల్లల పేర్లు రిజిస్టర్లో రాయాలి, హాజరు వేయాలి. "మీ ఇద్దరిలో రాత ఎవరికి వచ్చు?"

"ఈమెకు నెల దినాల్ల వస్తది," అంది నీలవ్వ నన్ను చూపించి. నేను బిత్తరపోయాను. మేడం అటు తిరగ్గానే ఆమె చెయ్యి పట్టుకుని గుంజాను. "ఏందవ్వా ఇది? ఈ జాగ నీకని గదా ఇంత చేసింది!"

"నేను గోడ గావాలన్న గని కుర్సీ గావాలన్ననా?" అంది. "నాకు కండ్లు లేవు, నీకున్నయ్. నేర్సుకో పో."

ఆ నెలలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. పలక మీద కాదు, కత్తెరతో. ఖాజా పాత క్యాలెండర్ల వెనక గీసిచ్చేవాడు, నేను కోసేదాన్ని, కోసిన అంచు వెంట వేలు తిప్పేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. చేతికి వంపు తెలిశాక పెన్సిల్ దానంతట అదే తిరిగింది. నెల నిండేనాటికి గుణింతాలు తప్పులతో వచ్చాయి, కానీ పేర్లు రాయగలిగాను.

మొదటి రోజు మేడం కొత్త రిజిస్టర్ నా ముందు పెట్టింది. నేర్చుకునేవాళ్ల పేర్లు వరుసగా రాయమంది. నేను ఒకటో నంబరు దగ్గర, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, నీలవ్వ అని రాశాను. మేడం కళ్లద్దాలు సర్దుకుని చదివింది. "ఈమె నేర్చుకోవడానికి వస్తుందా?"

"హా మేడం. నా దగ్గర నేర్చుకుంటది."

ఆమె నన్ను ఒకసారి చూసింది. లోపల గోడకు ఆనుకుని పదిమంది పిల్లలకు కాగితం మడవడం చూపిస్తున్న నీలవ్వను ఒకసారి చూసింది. కింద సంతకం పెట్టింది.

అట్లా తొమ్మిదేళ్లు గడిచాయి. రోజూ పొద్దున నేను, "నీలవ్వ!" అని పిలిచేదాన్ని, ఆమె గోడ దగ్గర నుంచి, "ఉన్న!" అని అరిచేది. పిల్లలు మారిపోయారు, మేడములు మారారు, ఆమె మాత్రం ఒకటో నంబరులోనే ఉంది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక సారు పాత రిజిస్టర్లన్నీ తిరగేసి కనుబొమలు ముడిచారు. "ఈ నీలవ్వ ఎవరు? ఇన్నేళ్ల నుంచి నేర్చుకుంటూనే ఉందా? ఇంకా రాలేదా?"

నీలవ్వ సూది ఆపకుండానే తల ఎత్తింది. "జర మొద్దుదాన్ని సారూ," అంది. "వస్తలేదు. ఈ పంతులమ్మ గూడ మంచిగ చెప్తలేదు."

పిల్లలు నోళ్లు మూసుకుని వంగిపోయారు. సారు గారు కూడా నవ్వి రిజిస్టర్ మూసేశారు. ఆయనకు అసలు సంగతి తెలిసే మూశారని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె పోయాక కూడా కుట్టు నేర్పుతూ నేను చాలా ఏళ్లు ఉన్నాను. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా తప్పు కుట్టి, దాచుకుని ఏడుస్తుంటే, దాన్ని లాక్కుని పదిమంది మధ్యలో పెట్టేదాన్ని. తిట్టడానికి కాదు, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో అందరం కలిసి వెతకడానికి. ఇప్పుడు మనవరాళ్లతోనూ అంతే, వాళ్లకు అది విసుగు. నాకు అక్షరాలు రాగానే నేను చేసిన మొదటి పని, నేర్పే మనిషిని నేర్చుకునే వరుసలో రాయడం. అది తప్పుడు రాతే, ఒప్పుకుంటాను. కానీ ఆ పేరు పక్కన రోజూ నేను వేసిన హాజరులో ఒక్కటీ అబద్ధం లేదు.